మషీన్ ఆగిన రోజు జిమ్మేదారీ ఎవరిది?

మా ఆపా బిడ్డ బీఎస్సీ ఫిజిక్స్ చేసింది. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్షకి చదువుతోంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ నౌకరీ అన్నమాట. రెజిమెంటల్ బజార్‌లో, సికింద్రాబాద్ స్టేషన్ పక్కన బతికే ఖాందాన్ మాది. రైల్వే నౌకరీ ఏంటో అందరికీ తెలుసు గానీ ఈ ఆస్మాన్ నౌకరీ ఎవరికీ తెలీదు. "అదంతా రేపు కంప్యూటరే చేస్తదంట. పదేళ్ళకి ఆ కుర్చీలే ఉండవు. బీఈడీ చెయ్యమను" అంది మా ఖాలా. "నిజమేనా మామూ?" అని బిడ్డ నన్నడిగింది.

ఖాలా మాటలో వజన్ ఉంది. కొట్టిపారేసేది కాదు. అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి కొన్ని రోజులు ఈ సంగతే చదివాను. తెలిసింది మీతో పంచుకుంటున్నా. మన ఇళ్ళల్లో సౌదీకో, దుబాయ్‌కో, ఉమ్రాకో విమానం ఎక్కనివాళ్ళు తక్కువ కదా.

ముందు మషీన్ తరఫున మాట్లాడతాను. 1996 నవంబర్ 12. ఢిల్లీ నుంచి దహ్రాన్‌కి లేచిన సౌదీ విమానం, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. వాళ్ళల్లో గల్ఫ్‌కి మజ్దూరీకి వెళ్తున్నవాళ్ళు ఎందరో. దిగే విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, ఎక్కే విమానం 14,000 దగ్గర ఆగాలి. దిగేది ఆగకుండా కిందికి వచ్చేసింది. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది గానీ ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. కంట్రోలర్‌కి పైలట్ చెప్పిన మాటే దిక్కు. ఆ తర్వాతే మన ఆస్మాన్‌లో తిరిగే విమానాలకి టీకాస్ తప్పనిసరి చేశారు. ఎదురుగా ఇంకో విమానం వస్తుంటే "పైకి పో", "కిందికి పో" అని పైలట్‌కి చెప్పే పరికరం అది. కాబట్టి మషీన్ వద్దనేవాళ్ళతో నేను లేను.

ఇప్పుడు యూరప్ సంగతి. 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొన్నాయి. రెండింటిలోనూ టీకాస్ ఉంది, పనిచేసింది కూడా. రష్యా విమానాన్ని అది పైకి పొమ్మంది. అదే సమయంలో జూరిక్‌లోని కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. పైలట్లు మనిషి మాట విన్నారు. 71 మంది పోయారు. ఎక్కువమంది బష్కొర్తొస్తాన్ నుంచి సెలవులకి బయల్దేరిన పిల్లలు.

ఆ రాత్రి కంట్రోలర్ ఒక్కడే రెండు తెరలు చూసుకుంటున్నాడు. మరమ్మతు కోసం రాడార్ వ్యవస్థలో కొంత భాగం ఆపారు. ఫోన్ లైన్ కూడా పనిచెయ్యట్లేదు. పక్కనున్న కార్ల్‌స్రూహె కేంద్రంలో ఖత్రా కనిపెట్టినవాళ్ళు ఫోన్ చేస్తే లైన్ కలవలేదు. రెండేళ్ళకి, ఆ విమానంలో భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ కంట్రోలర్‌ని ఇంటికెళ్ళి చంపేశాడు. 2007లో స్విస్ కోర్టు ఆ సంస్థ ఉద్యోగులు నలుగుర్ని దోషులుగా తేల్చింది. ఒక్క మనిషిని అలా ఒంటరిగా వదిలేసిన ఇంతెజామ్‌కీ జిమ్మేదారీ ఉందని కోర్టు చెప్పడానికి ఐదేళ్ళు పట్టింది. అప్పటికి ఆ మనిషి లేడు.

ఇంకో రకం కూడా ఉంది. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో విమానాల రూటు కాగితాలు చూసే కంప్యూటర్ ఆగిపోయింది. లాస్ ఏంజిలిస్ నుంచి పారిస్ వెళ్ళే విమానం రూటులో ఒకే కోడ్ ఉన్న రెండు చోట్లున్నాయి. ఒకటి ఫ్రాన్స్‌లోని దోవిల్, రెండోది అమెరికాలోని డెవిల్స్ లేక్. మా గల్లీలో పోస్ట్‌మ్యాన్‌కి ఖాజా మియా పేరుతో ఉత్తరం వస్తే "ఏ ఖాజా? టైలర్ ఖాజానా, ఆటో ఖాజానా?" అని అడుగుతాడు. కంప్యూటర్‌కి అడగడం రాదు. తప్పు రూటు కంట్రోలర్లకి పోకూడదని అది తనంతట తానే ఆగింది. ఆగడం సరైనదే. అయితే బదులుగా పెట్టుకున్న రెండో కంప్యూటర్ కూడా అదే కాగితం చదివి అలాగే ఆగింది. ఒకే ఉస్తాద్ దగ్గర ఒకే పాఠం నేర్చుకున్న ఇద్దరు షాగిర్దులు మరి! ఇదంతా 20 సెకన్లలో జరిగిపోయింది. చేత్తో చేస్తే గంటకి 60 కాగితాలే అయ్యాయి. 7 లక్షల మందికి పైగా ముసాఫిర్లు ఇబ్బందిపడ్డారు. బాగుచెయ్యాల్సిన ఇంజనీర్ ఇంట్లో ఉన్నాడు. అతను ఆఫీసుకి చేరడానికే గంటన్నర పట్టింది.

యూరప్ కంట్రోలర్ల ఫికర్ ఇక్కడే. స్వీడన్‌లో 2015 నుంచి ఒర్న్‌షోల్డ్స్‌విక్ ఎయిర్‌పోర్ట్‌ని కెమెరాలతో, వేరే ఊరైన సుండ్స్‌వాల్ నుంచి నడుపుతున్నారు. కొత్తదనాన్ని వాళ్ళు కాదనట్లేదు. రోజంతా మషీన్ చేస్తుంటే చూస్తూ కూర్చున్నవాడికి, అది ఆగిన రోజు హునర్ ఎక్కడినుంచి వస్తుంది? మష్క్ లేని చేతికి పగ్గాలు ఇచ్చి, తర్వాత తప్పు వాడిదే అంటే ఎట్లా? ఇదీ వాళ్ళ సవాల్.

మన దగ్గర 2025 జూలైలో కంట్రోలర్ల గిల్డ్ ఎంపీలకి ఉత్తరం రాసింది. ఢిల్లీ, ముంబయి వ్యవస్థలు నెమ్మదిస్తున్నాయి, యూరప్, అమెరికాల్లాగా బాగుచెయ్యండి అని. నవంబర్ 7న ఢిల్లీలో రూటు సమాచారం పంపే వ్యవస్థ మొరాయించింది. 800కి పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. కంట్రోలర్లు కూర్చుని చేత్తో పని నడిపించారు.

మా మొహల్లాలో రిటైరైన రైల్వే చాచాకి ఇదంతా చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. మన సికింద్రాబాద్ డివిజన్‌లోనే 2022 మార్చిలో రైల్వే మంత్రి ఇంజన్ ఎక్కి పరీక్షించిన కవచ్‌కి మొదటి పేరు కూడా టీకాసేనట. కవచ్ రావాలంటాడు చాచా. కానీ 2024 జూన్‌లో బెంగాల్‌లో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ని గూడ్సు గుద్దిన సంగతి మరవద్దంటాడు. ఆ లైన్‌లో కవచ్ లేదు. ఆటోమేటిక్ సిగ్నళ్ళు పొద్దుటి నుంచే పాడయ్యాయి. డ్రైవర్ల చేతికి కాగితం ఇచ్చి ఎర్ర సిగ్నళ్ళు దాటమన్నారు. ముందు చనిపోయిన డ్రైవర్‌దే తప్పన్నారు. తర్వాత దర్యాప్తులో, ఆ కాగితంలో ఎంత స్పీడులో పోవాలో లేదనీ, ఇచ్చిన ట్రైనింగ్ చాలదనీ తేలింది. "కాగితం ఇయ్యడం అల్కగానే ఉంటది బేటా, నేర్పుడే ఖర్చు" అన్నాడు చాచా.

బిడ్డకి నేనిచ్చిన జవాబు ఇది. కుర్చీ పోదు. కానీ కష్టం మారుతుంది. రోజూ చేసే పని తగ్గి, ఎప్పుడో ఒకనాడు, నిమిషాల్లో, అందరి ప్రాణాలూ నీ గొంతు మీద ఆధారపడే పని మిగులుతుంది. ఆ ఒక్కరోజు కోసం నెలనెలా మష్క్ చేయించే ఇంతెజామ్ ఉందా, రాత్రి డ్యూటీలో పక్కన ఇంకొకరుంటారా, ఖత్రా ఉందని రాస్తే చదివేవాళ్ళున్నారా? నౌకరీలో చేరాక ఇవి అడుగుతూ ఉండు. అడిగే హక్కు జీతంతోపాటే వస్తుంది.

మనకూ ఒక మాట. సఫర్ దువా చదివి విమానం ఎక్కుతాం, మంచిదే. ముందు ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న తాలీమ్ మనది. పైన ఉన్న ముసాఫిర్ కింద ఉన్న కంట్రోలర్ చేతిలో అమానత్. ఆ కంట్రోలర్ కూడా తనని కూర్చోబెట్టిన సర్కార్ చేతిలో అమానతే. ఈసారి విమానం ఆలస్యమైతే కౌంటర్ దగ్గరి పిల్లల మీద అరిచే ముందు, ఏ వ్యవస్థ ఆగింది, అది పాడవుతోందని ముందే ఎవరు చెప్పారు, ఎవరు వినలేదు అని అడుగుదాం.