తెర మీద పలకరించే అపరిచితులు



ఉద్యోగపు రోజులలో నేను నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్తూ ఉండేవాడిని. ప్రక్కన నిలుచున్న ముక్కూమొహం తెలియని మనిషి "తమరిది ఏ ఊరండీ?" అని పలకరించేవాడు. ఒడ్డు చేరేలోగా పంటల సంగతి, పిల్లల చదువుల సంగతి మాట్లాడుకొని ఎవరి దారిన వారం వెళ్ళేవాళ్ళం. అపరిచితులతో మాట్లాడటం మనకు క్రొత్త కాదు. అయితే ఆ మాటలకు చుట్టూ పదిమంది ఉండేవారు. నేటి వీడియో కాల్‌లో మనం గదిలో ఒంటరిగా ఉంటాము. తెర వెనుక ఎవరున్నారో, ఎందరున్నారో తెలియదు.

కొంతకాలం క్రిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చారు. వారిని ఎవరూ గుర్తించకుండా వివరాలు మార్చి వ్రాస్తున్నాను. ఏళ్ళ తరబడి అదుపులో ఉన్న రక్తపోటు 190/110కి చేరింది. నిద్ర లేదు, అన్నం సహించడం లేదు. నేను మాత్ర మోతాదు పెంచి పంపించాను. అడగవలసిన ప్రశ్న అడగలేదు. అది నా పొరపాటు.

రెండవసారి వచ్చినప్పుడు, "మాస్టారూ, మనసులో ఏముందో చెప్పండి" అన్నాను. చాలాసేపటికి నోరు విప్పారు. భార్య గతించారు, కుమారుడు కువైట్‌లో ఉన్నాడు. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒక స్త్రీ ఒక రాత్రి వీడియో కాల్ చేసింది. రెండు నిమిషాలలో అంతా అయిపోయింది. మరునాటి నుండి ఆ దృశ్యాన్ని బంధువులకు పంపుతామని బెదిరింపులు. తరువాత పోలీసు అధికారినంటూ మరొకడు. మూడు విడతలుగా డబ్బు పంపారు. చివరకు, "గోదావరి దగ్గరే కదండీ అనిపించింది, డాక్టరు గారూ" అన్నారు.

ఈ మోసంలో తెర మీద కనిపించే స్త్రీ తరచుగా ముందే చిత్రీకరించిన దృశ్యం మాత్రమే. మన ముఖం మాత్రం నిజంగా రికార్డవుతుంది. మన స్నేహితుల జాబితాను వారు ముందే చూసి ఉంటారు. ఒకసారి డబ్బిస్తే బెదిరింపు ఆగదు. ఇచ్చేవాడు దొరికాడని పెరుగుతుంది. వారి పెట్టుబడి అంతా మన సిగ్గే. సిగ్గుపడి దాచుకొని వ్యాధిని ముదరబెట్టుకున్నవారిని నా వృత్తిలో ఎందరినో చూశాను. ఇదీ అటువంటిదే. చెప్పుకోవడమే చికిత్సకు మొదలు.

ఆ సాయంత్రం నా ఎదుటనే మాస్టారు కుమారుడికి ఫోన్ చేశారు. "నాన్నా, ముందే చెప్పవలసింది" అన్న ఒక్క మాట తప్ప అతడు మరేమీ అనలేదు. తరువాత 1930కి ఫిర్యాదు చేశాము. డబ్బు తిరిగి రాలేదు. నిద్ర వచ్చింది.

అపరిచితులతో మాట్లాడవద్దని నేను చెప్పను. కొన్ని జాగ్రత్తలు చెబుతాను. తెలియని నంబరు నుండి వచ్చే వీడియో కాల్ ఎత్తనవసరం లేదు. స్నేహితుల జాబితా ఇతరులకు కనిపించకుండా పెట్టుకోండి. ఇంటి చిరునామా, బ్యాంకు వివరాలు, ఓటీపీ చెప్పవద్దు. దుస్తుల ప్రస్తావన రాగానే కాల్ ఆపండి. అది అమర్యాద కాదు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు.

మర్యాద మన వైపు నుండీ ఉండాలి. అవతలివారు వద్దన్నది మళ్ళీ అడగరాదు. అనుమతి లేకుండా రికార్డు చేయరాదు. ఒకరి ఏకాంత శరీర దృశ్యాన్ని సమ్మతి లేకుండా తీసినా, పంచినా సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

పిల్లల విషయంలో మరింత మెలకువ అవసరం. అపరిచితులను జతచేసే ఒమెగిల్ అనే వెబ్‌సైటు 2009లో మొదలై, పిల్లలపై లైంగిక దోపిడీ ఆరోపణల నడుమ 2023 నవంబరులో మూతపడింది. అటువంటివి ఇంకా ఉన్నాయి. తప్పు జరిగితే తిట్టరన్న ధైర్యం పిల్లలకు ఇవ్వండి.

ఇప్పటికే చిక్కుకున్నవారు డబ్బు పంపవద్దు, సందేశాలు చెరిపివేయవద్దు, అవే సాక్ష్యాలు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. మనసు చీకటి వైపు పోతుంటే టెలీమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

చివరిగా ఒక మనవి. దూరాన ఉన్న బిడ్డలారా, ఈ రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉన్న మీ పెద్దలకు అపరిచితుల కంటే ముందు మీరే వీడియో కాల్ చేయండి.