చిల్లుకాణీకి ఎంతొస్తది?

పాత నాణెం దొరికితే చాలు, లక్షలొస్తాయని నమ్మేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. మా రూములోని ఎనిమిది మందిమి మా ట్రంకుపెట్టెల్లో ఉన్న బిళ్ళలన్నీ ఒకచోట పోసి, ఏది ఎంత చేస్తుందో తెలుసుకోవాలని పూనుకున్నాం. లైబ్రరీ పుస్తకాలు తిరగేశాం, కోఠి వైపు పాత నాణేలు అమ్మే పెద్దమనుషుల్ని అడిగాం. తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

సేకరించేవాళ్లు ముందు చూసేది వయసు కాదు, అరుగుదల. ఐదో జార్జి రూపాయి తీసుకుంటే రాజుగారి చెవి, మీసం, కిరీటం లాంటి ఎత్తైన చోట్లు ముందు అరుగుతాయి. భూతద్దం పెట్టి అవే చూస్తారు. గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, చివరకు చేతులు మారని అన్‌సర్క్యులేటెడ్ అని పేర్లు. మన ప్రోగ్రెస్ కార్డులో ‘గుడ్’ పడితే ఇంట్లో సంబరమే. నాణేల్లో ‘గుడ్’ అంటే బొమ్మ ఆనవాలు మాత్రమే మిగిలిన బిళ్ళ! అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో వాళ్ల పాత సెంటు నాణేలకు 1 నుంచి 70 దాకా మార్కులు పెట్టాడు. బాగా అరిగిన దాని ధర ఒకటైతే, మచ్చలేనిది డెబ్బై రెట్లు చేయాలని ఆయన లెక్క. ఆ ధరల లెక్క నిలవలేదు గానీ మార్కులు మాత్రం నిలిచాయి.

తర్వాత చూసేది అరుదుదనం. మన తాతల మొలతాళ్లకు కట్టిన చిల్లుకాణీని యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943 నుంచి వేశారు. కోట్లలో వేశారు కాబట్టి ఇంత పాతదైనా కొద్ది రూపాయలకే దొరుకుతుంది. అదే ఆరో జార్జి రూపాయి చూడండి. 1938దీ, 1939దీ ఒకే బరువు, ఒకే వెండి. కానీ 1939ది దొరకడం కష్టం, ధర ఎన్నో రెట్లు. అందుకే దానికి దొంగ నాణేలూ ఎక్కువే. మన నాణేల మీద ఏడాది కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఒకే ఏడాది బిళ్ళ అయినా టంకశాలను బట్టి ధర మారొచ్చు.

పండగకు చెంబులతో పాటు నాణేలనూ చింతపండుతో తోమడం మన ఇళ్లలో మామూలే. తళతళలాడుతుంది గానీ సేకరించేవాళ్లు పెదవి విరుస్తారు. ఏళ్ల తరబడి పట్టిన రంగు పోయి సన్నని గీతలు పడతాయి మరి. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించిన నిజాం చార్మినార్ రూపాయికీ వాళ్లు దాదాపు వెండి ధరే కడతారు. ఆ మాట మా మిత్రుడి అవ్వకు చెబితే, “అమ్ముతనని ఎవలన్నరు?” అంది.

అసలు భయం వేరే ఉంది. మాలో ఒకరి నాన్నకు ఫోనొచ్చింది. అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్‌కు రూ.2,500 కట్టమని. పత్తి ఏరిన కూలి డబ్బులు కట్టాడు. తర్వాత పన్ను అన్నారు, తర్వాత ఫోను ఎత్తలేదు. ఇలా తన పేరు, ముద్ర వాడి డబ్బులు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాత నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, ఏ రుసుమూ అడగనని చెప్పింది. నిజంగా కొనేవాడు బిళ్ళ చూసి మనకు డబ్బులిస్తాడు, మన దగ్గర తీసుకోడు.

ఆ హెచ్చరికను పెద్ద అక్షరాలతో రాసి మెస్ గోడకు అంటించాం. అయినా మొన్న ఆరో తరగతి తమ్ముడొకడు వైష్ణోదేవి బిళ్ళ పట్టుకొచ్చి, “అన్నా, దీనికి ఎంతొస్తది?” అన్నాడు. ఐదు రూపాయలొస్తది తమ్ముడూ, గేటు బయట బజ్జీల బండి దగ్గర.