వాన, వాలు, బ్రేకు

మన హామిల్టన్‌లో "మౌంటెన్" అనేది తిరుమల మెట్లెక్కిన వాళ్ళకు ఒక గట్టు కింద లెక్క. ఎత్తు సుమారు 100 మీటర్లే. కాని మా అమ్మాయి సైకిలు మీద ఆ వాలు దిగి ఊళ్ళోకి పనికి వెళ్తానన్నప్పుడు మాకది నిజంగానే కొండయి కూర్చుంది.

ఇంట్లో మా పాత సైకిలుంది, రిమ్ము బ్రేకులది. "2003లో ప్రపంచ పందేలు ఇక్కడే జరిగాయి. అంతటివాళ్ళకీ ఈ బ్రేకులే సరిపోయాయి కదా!" అన్నాం.

"వాళ్ళకి రోడ్డంతా ఖాళీ చేసి పెట్టారు నాన్నా. నాకు కింద ట్రాఫిక్ లైటుంటుంది" అంది.

ఒక వాన రోజున మేమే ఆ సైకిలెక్కి మా వీధి పల్లంలో చూశాం. బ్రేకు నొక్కితే రబ్బరు ముందు రిమ్ము మీది నీళ్ళు తుడిచి, ఆ తరవాతే పట్టింది. ఈలోగా రెండిళ్ళు దాటిపోయాం!

డిస్కు బ్రేకులో రేకు ఇరుసు దగ్గర, రోడ్డు తడికి దూరంగా ఉంటుంది. వానలోనూ పట్టు త్వరగా దొరుకుతుంది, రిమ్ము అరగదు. అయితే ఖరీదూ బరువూ ఎక్కువ. నూనె గొట్టాల రకమైతే బాగుచేసుకోవడం మాబోటివాళ్ళ వల్ల కాదు. రిమ్ము బ్రేకుకు రబ్బర్లు మార్చడం ఎంతసేపు? పెద్ద పందేల్లో సైతం డిస్కుకు పూర్తి అనుమతి 2018లో గాని రాలేదు.

చివరికి డిస్కుదే కొన్నాం. "ఏ బ్రేకైనా టైరుకు పట్టున్నంతవరకే. నెమ్మదిగానే దిగుతాలెండి" అని మా అమ్మాయే మాకు ధైర్యం చెప్పింది.

పాత సైకిలు ఎండ రోజులకని మేం ఉంచుకున్నాం. వాన పడిన రోజున మాత్రం, తను చేరానని ఫోను చేసేదాకా మా ఇంట్లో కాఫీ చల్లారిపోతూనే ఉంటుంది.