సాకడం

గత ఆగస్టులో మా విద్యాలయం గేటు పక్కన ఒక ముసలి కుక్క కనిపించింది. మెడకు తోలు పట్టీ, పట్టీకి తెగిన తాడు ముక్క. లాబ్రడార్ పోలిక. మూతంతా నెరిసిపోయింది. ముందు కాళ్ల మీద లేస్తే వెనక కాళ్లు లేవడం లేదు. చౌకీదారు రెండు రోజులు రొట్టె ముక్కలు వేసి, మూడో రోజు మా క్వార్టరు తలుపు తట్టాడు. "సార్‌జీ, బదిలీ అయి ఇల్లు ఖాళీ చేసినవాళ్లెవరో వదిలేసి పోయినట్టున్నారు. లారీలో చోటు చాలలేదేమో" అన్నాడు. అది మమ్మల్ని ఉద్దేశించి అన్న మాట కాదు. అయినా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

పదకొండేళ్లలో మాకిది అయిదో ఊరు. నవోదయలో తెలుగు పంతులు ఉద్యోగమంటే అంతే. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలను హిందీ ప్రాంతం నుంచి ఇతర ప్రాంతాలకూ, అక్కడి నుంచి ఇక్కడికీ ఒక ఏడాది పంపుతారు. మన పిల్లలు వెళ్లిన చోట వాళ్లకు తెలుగు చెప్పే మనిషి ఒకరుండాలి. అలా మధ్యప్రదేశ్‌లోని మాళ్వాలో, సోయాబీను చేల మధ్య కూర్చుని ఆటవెలదికి గణాలు కడుతుంటాం.

దీనికి ముందు ఒడిశాలో ఉన్నాం. అక్కడ నుదుట తెల్ల మచ్చ ఉన్న నల్ల కుక్క ఒకటి మూడేళ్లు మా వరండాలోనే పడుకుంది. బొట్టు అని పిలిచేవాళ్లం. మాది అని ఎప్పుడూ అనుకోలేదు, అలా అనుకోకపోవడంలో ఒక సౌకర్యం ఉంది. బదిలీ రోజు అది లారీ నీడలో నిద్రపోతోంది. డ్రైవరు అదిలిస్తే లేచి గోడ వారకు జరిగి, మళ్లీ పడుకుంది. మెస్ కుర్రాడి చేతిలో అయిదు వందలు పెట్టి, అన్నం వేస్తుండు నాయనా అని చెప్పి బండెక్కాం. నాలుగు నెలల తరవాత ఫోన్ చేస్తే, తాళం వేసిన మా తలుపు ముందే చాలా రోజులు కూర్చుందనీ, కొత్తవాళ్లు దిగాక కనబడలేదనీ చెప్పాడు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరం. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. బొట్టు మాకు పెంపుడు జంతువు అవునో కాదో చట్టం ఏమంటుందో గాని, మేము మాత్రం దానికి పది రెట్లు కట్టి వచ్చాం.

అందుకే ఆ సాయంత్రం చౌకీదారు వెనక గేటు దాకా నడిచాం.

ప్రిన్సిపాల్ గారు కాదనలేదు, దరఖాస్తు రాసిమ్మన్నారు. అయిదు వందల మంది పిల్లలుండే చోటు. రేబిస్ టీకా వేయించి ఆ కాగితం జతపరచాలి, అప్పటిదాకా పిల్లలెవరూ ముట్టుకోకూడదు, వరండా దాటకూడదు. ఎన్నాళ్లు అన్న చోట "కొద్ది వారాలు, తాత్కాలికంగా" అని రాశాం. ఇండోరులో ఇలాంటి మూగజీవాలకు ఇళ్లు వెతికే ఒకమ్మాయికి ఫోన్ చేశాం. "పన్నెండేళ్లున్న కుక్కను ఎవరూ దత్తత తీసుకోరండీ. ఇల్లు దొరికేదాకా మీరు ఫాస్టర్ చేయండి" అంది. ఆ మాటకు తెలుగేమిటని రాత్రి ఆలోచించాం. అది మా వృత్తి దోషం. పెంచడం అనడానికి లేదు, అది ఇక పెరిగేది కాదు. పోషణ అంటే ప్రభుత్వ పథకంలా ఉంది. చివరికి సాకడం కుదిరింది. మన పల్లెల్లో తల్లి లేని బిడ్డను సాకుతారు, గేదె చచ్చిపోతే దూడను సాకుతారు, మంచం పట్టిన పెద్దవాళ్లను సాకుతారు. సాకు అంటే నెపం అని ఇంకో అర్థం ఉన్న సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది. బదిలీ మాకు చాలాసార్లు ఆ రెండో అర్థంలోనే పనికొచ్చింది.

పేరు పిల్లలు పెట్టారు. ఆ ఏడు రాయలసీమ నుంచి వచ్చిన పంతొమ్మిది మంది మా దగ్గరున్నారు. దాని తెల్ల మూతి చూసి "అవ్వ" అన్నారు. హిందీ పిల్లలకు ఆ మాట తెలియదు, అదే పేరనుకుని వాళ్లూ "అవ్వా, అవ్వా" అని పిలిచేవారు. పిలిచినా అవ్వకు వినపడేది కాదు. నేల మీద చెయ్యి తడితే ఆ అదురుకు తలెత్తి చూసేది. కళ్లలో నీలం పొర. అటూ ఇటూ మసగ్గా చూసి, వాసన పట్టి, తోక ఒక్కసారి నేలకు కొట్టేది. రెండోసారి కొట్టడానికి ఓపిక ఉండేది కాదు కాబోలు.

ఊళ్లోని పశువుల డాక్టరు చేతులు గేదెలకు అలవాటు. అయినా ఆయన అవ్వ నోరు తెరిచి అరిగిన పళ్లు చూసి, పొట్ట నొక్కి, "రోజుకెన్ని నీళ్లు తాగుతోంది?" అని అడిగాడు. చిన్న బకెట్టు అన్నాం. ఎండాకాలం కాదు కదా అన్నాడు. మహూలో పశువైద్య కళాశాల ఉంది, రక్తం అక్కడ చూపించమన్నాడు. వ్యాను మాట్లాడుకుని వెళ్లాం. క్రియాటినిన్ 4.2 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఇందులో సగం కూడా ఉండకూడదట. మూత్రపిండాల పని ముప్పాతిక వంతు పోయాకే ఈ అంకె రక్తంలో పెరగడం మొదలవుతుందని అక్కడి డాక్టరమ్మ చెప్పారు. బాగుచేయడం కుదరదు, సుఖంగా ఉంచడం కుదురుతుంది అన్నారు. ఎన్నాళ్లు అంటే, నెలలు అన్నారు.

కాళ్ల నొప్పికి అంతకుముందు రోజే మా ఇంట్లోని ఐబుప్రొఫేన్ బిళ్ల సగం విరిచి పెడదామనుకున్నాం. ఆ మాట చెబితే డాక్టరమ్మ ముఖం మారింది. మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకు పడవు. అందులోనూ ఇలాంటి మూత్రపిండాలకు అది విషమే. బిళ్ల పెట్టకపోవడం మా తెలివి కాదు, ఆ పూట పెరుగన్నంలో కలపడం మరిచిపోయాం, అంతే. మా ఇంట్లో అడుగుపెట్టే ప్రతివారికీ అప్పటి నుంచి ఈ సంగతి చెబుతున్నాం, ఇక్కడా చెప్పేశాం.

ఆ తరవాత మా ఇంటి దినచర్య మారిపోయింది. పొద్దున ప్రార్థనకు ముందు ఒకసారి, రాత్రి స్టడీ అవర్ తరవాత ఒకసారి అవ్వను బయటికి తీసుకెళ్లాలి. పాత వెంకటగిరి చీర ఒకటి నాలుగు మడతలు వేసి, వెనక కాళ్ల ముందు పొట్ట కిందుగా చుట్టి, ఇద్దరం చెరో కొసా పట్టుకుని పైకెత్తితే ముందు కాళ్లతో అదే నడిచేది. ఇరవై ఆరు కిలోల మనిషి. మనిషి అని రాసేశాం, ఉండనివ్వండి. రోజు విడిచి రోజు సెలైను ఎక్కించడం డాక్టరు నేర్పించాడు. నరం వెతకక్కర్లేదు. మెడ వెనక వదులు చర్మాన్ని గుడారంలా ఎత్తి సూది గుచ్చితే చాలు. కిటికీ ఊచకు రింగర్ లాక్టేట్ బాటిలు వేలాడదీసి ఇరవై నిమిషాలు పక్కన కూర్చోవాలి. చర్మం కింద నీళ్లు బొడిపెలా నిలిచి, తెల్లవారేసరికి భుజం మీదుగా జారి ఇంకిపోయేవి. మొదటి రోజు సూది మా చేతికే గుచ్చుకుంది. రాత్రి మూడింటికి తడిసిన గోనెసంచి మార్చి నేల తుడవాలి. ఫినాయిలు వద్దన్నారు, సబ్బునీళ్లే. విసుగు రాలేదని అబద్ధం చెప్పం. డిసెంబరు చలిలో ఒక రాత్రి మాలో ఒకరం "ఇంకెన్నాళ్లు?" అని పైకే అనేశాం. రెండోవారు జవాబు చెప్పకుండా గోనెసంచి పిండారు.

పిల్లల్లో ఒకబ్బాయి ఉండేవాడు. జులై నుంచి దసరా దాకా క్లాసులో నోరు విప్పలేదు. ఇంటిమీద బెంగ. అక్టోబరులో అవ్వ తుంటి మీద వెంట్రుకలు రాలి, చర్మం ఎర్రబడింది. మందు కోసం మేము హైరానా పడుతుంటే వరండా మెట్ల మీద నిలబడి, "సార్, ఒగే పక్క పండుకోబెడితే పుండ్లు పడతాయి. మా ఇంట్లో అవ్వకు గంటకో తూరి పక్క మారుస్తాము. మడమల కింద గుడ్డ పెడతాము" అన్నాడు. ఆ ఏడాది అతడు మాతో మాట్లాడిన మొదటి పొడుగు మాట అదే. ఎవరు నేర్పారు నాయనా అంటే, "మా అమ్మ పనికి పోతే నేనే గదా సార్" అన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆటల వేళ చీర రెండో కొస అతడిది.

జనవరి మొదటి వారంలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆరేళ్లుగా అడుగుతున్నది. అమ్మానాన్నలుండే ఊరికి ఒక రాత్రి బస్సు దూరం. పది రోజుల్లో రిలీవ్ కావాలి. కాగితం చదివి సంతోషంగా టీ పెట్టుకున్నాం. టీ తాగుతుండగా ఇద్దరి చూపూ ఒకేసారి వరండా వైపు వెళ్లింది. రెండు పగళ్లు, రెండు రాత్రులు లారీలో ఆ ఒళ్లు ప్రయాణం చేయలేదు. చౌకీదారు సూది పెట్టలేడు. ఇండోరు అమ్మాయి ఈ అయిదు నెలల్లో ఒక్క ఇల్లూ చూడలేకపోయింది, అది ఆమె తప్పు కాదు. మిగిలింది డాక్టరు నవంబరులో చెప్పిన మాట. బాధ ఎక్కువైతే ఫోన్ చేయండి, ఇంటికి వచ్చి నిద్రపుచ్చుతాను అన్నాడు.

ఎప్పుడు ఎక్కువైనట్టు అని అప్పుడే అడిగి ఉన్నాం. కేలండరు మీద గుర్తు పెట్టుకోమన్నాడు. తిని, తోక ఆడించిన రోజుకు ఒక చుక్క, లేని రోజుకు ఒక గీత. గీతలు చుక్కలను మించితే ఇక మన కోసం దాన్ని ఉంచుతున్నట్టే అన్నాడు. ఆ రాత్రి కేలండరు దించి బల్ల మీద పెట్టుకున్నాం. డిసెంబరులో చుక్కలు ఇరవై మూడు, గీతలు ఎనిమిది. ఎంత తిప్పి చూసినా చుక్కలే ఎక్కువ. చేతికి పెన్సిలు అందేంత దూరంలో ఉంది. ఎవరు చూడొచ్చారు? కొన్ని చుక్కలు సరిగా తినని రోజులవి కూడా, గీతలుగా మార్చినా పూర్తి అబద్ధం కాదు. ఆ ఆలోచన ఇద్దరికీ వచ్చిందని మర్నాడు చెప్పుకున్నాం.

మర్నాడు తొమ్మిదో తరగతిలో మహాప్రస్థానిక పర్వం కథ చెప్పే పని పడింది. తిక్కన పదిహేను పర్వాలు రాశాడని చెబుతూ ముందురోజు అక్కడ ఆపాం. ధర్మరాజు వెంట కుక్క నడవడం, అది లేకుండా స్వర్గం వద్దనడం, ఆ కుక్కే యమధర్మరాజని తేలడం. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "సార్, అది ఉత్త కుక్కే అయ్యుంటే?" అంది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. గంట కొట్టారు. కొట్టకపోయినా చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, వార్షిక పరీక్షలయ్యాక రిలీవ్ చేయమని రాసిచ్చాం. పిల్లల పరీక్షలు కారణంగా చూపించాం. అదీ నిజమే, కాని అసలు కారణం ఆయనకూ తెలుసు. ఆలస్యమైతే ఆ ఖాళీ వేరేవారికి పోవచ్చు సుమా అన్నారు. తెలుసన్నాం. ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి, మార్చి దాకా రాలేమని చెప్పాం. కుక్క సంగతి విని కాసేపు మాట్లాడలేదు. "సరే, దాన్ని కానివ్వండి" అంది. ఆ మాటలో నిష్ఠూరం ఎంతో, సమ్మతి ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. పది రోజులకు పైనుంచి అనుమతి వచ్చింది.

ఫిబ్రవరిలో గీతలు మొదలయ్యాయి. గుడ్డు తెల్లసొన వద్దంది, మెత్తటి అన్నం వద్దంది. ఇక పథ్యం అక్కర్లేదు, ఏదడిగితే అది పెట్టమన్నాడు డాక్టరు. ఆదివారం మెస్‌లో మన పిల్లల కోసం చేసే ఇడ్లీ ఒకటి తింది. మాళ్వా జిలేబీ ముక్క నాకింది. తరవాత నీళ్లు కూడా తాగలేదు. పద్దెనిమిదో తేదీ రాత్రి గీతలు లెక్కపెట్టాం. ఈసారి పెన్సిలు వైపు చూడలేదు. ఫోన్ చేశాం.

మర్నాడు పదకొండింటికి డాక్టరు వచ్చాడు. వరండాలో ఎండ పడుతోంది. ముందు మత్తు సూది, అది నిద్రపోయాక రెండోది. మొదటి సూదికి ముందు మేము నేల మీద చేత్తో తట్టాం. తల ఎత్తలేదు, చెవి కదిలింది. క్వార్టరు వెనక వేపచెట్టు కింద పిల్లలు గొయ్యి తవ్వారు. నడుం లోతు చాలదు, నక్కలు తవ్వుతాయని చౌకీదారు ఇంకో జానెడు తవ్వించాడు. చీరలో చుట్టే దించాం. రెండో కొస ఆ అబ్బాయే పట్టుకున్నాడు. మిగిలిన సెలైను బాటిళ్లు మూడు డాక్టరు తీసుకెళ్లాడు.

మార్చి ఆఖరున నో డ్యూస్ కాగితం పట్టుకుని తిరిగాం. లైబ్రరీ, స్టోరు, మెస్, కరెంటు. ఆఫీసులో గుమాస్తా మా ఫైలు తెరిచి, ఆగస్టు నాటి దరఖాస్తు ముందు పెట్టాడు. "కొద్ది వారాలన్నారు. దీని కింద ఏదో ఒకటి రాయండి, లేకపోతే పెండింగులో ఉండిపోతుంది" అన్నాడు. ఫిబ్రవరి 19న మరణించింది, క్వార్టరు వెనక వేపచెట్టు కింద పూడ్చాం అని హిందీలో రాసి సంతకం పెట్టాం. అతను తేదీ సరిచూసి, ముద్ర వేసి, ఫైలు మూసి పక్కన పెట్టాడు.