మెడలో వినిపించిన చప్పుడు

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కాఫీ తాగుతూ మా బావగారు జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందుంచారు. ఏదో ఆరోగ్య శిబిరంలో మెడకు అల్ట్రాసౌండ్ చేశారట. ఎడమ కెరాటిడ్ ధమని 60 శాతం సన్నబడిందని అందులో ఉంది. ఆ మాట కింద ఎర్రగీత ఆయనే గీసుకున్నారు.

“నువ్వే చెప్పవయ్యా, ఆపరేషన్ చేయించేసుకోనా?”

ఆయన భయం నాకు కొత్త కాదు. పక్షవాతంతో మంచం పట్టిన మా నాన్నగారిని చివరి నెలల్లో ఎత్తి కూర్చోబెట్టిన చేతులు ఆయనవే.

ఆ రాత్రి అలమరలోంచి డేవిడ్ స్పెన్స్ రాసిన ‘హౌ టు ప్రివెంట్ యువర్ స్ట్రోక్’ (2006) మళ్ళీ తీశాను. కెనడాలోని లండన్ నగర వైద్యుడాయన. ఆయన దృష్టిలో అల్ట్రాసౌండ్ శస్త్రవైద్యుడికి దారిచూపే దీపం మాత్రమే కాదు, మందు పనితనాన్ని తేల్చే కొలబద్ద కూడా. ధమని గోడకు పేరుకున్న కొవ్వుపూత వైశాల్యాన్ని ఏటేటా కొలవాలి. రక్తపరీక్షల అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నా, పూత పెరుగుతూంటే చికిత్స చాలలేదన్నమాట.

శస్త్రచికిత్స వృథా అని కాదు. లక్షణాలు కనిపించి, ధమని 70 శాతానికి పైగా మూసుకున్నవారిలో, రెండేళ్ళలో అదే వైపు పక్షవాతం వచ్చే ముప్పు 26 నుంచి 9 శాతానికి తగ్గిందని 1991లో ఉత్తర అమెరికా అధ్యయనం తేల్చింది. ఏ లక్షణమూ లేనివారిలో లాభం స్వల్పం: 1995 నాటి అధ్యయనంలో అయిదేళ్ళకు 11 నుంచి 5 శాతం. అదీ స్టాటిన్ మందులు ఇంతగా వాడుకలోకి రాని రోజుల లెక్క. పైగా ఆ కత్తే ఒక్కొక్కప్పుడు పక్షవాతం తెచ్చిపెడుతుంది.

బావగారికి ఏ లక్షణమూ లేదు. మంచి లాబరేటరీలో పరీక్ష మళ్ళీ చేయించాను. ఇరుకు కాలువలో నీటిలా, సన్నని ధమనిలో రక్తం వడిగా పారుతుంది. ఆ వడిని డాప్లర్ కొలుస్తుంది. సెకనుకు 230 సెంటీమీటర్లు దాటితే ఇరుకు తీవ్రమని అర్థం. ఆయనది 150. స్టాటిన్ మొదలుపెట్టారు, రక్తపోటు అదుపులోకి తెచ్చుకున్నారు, నలభయ్యేళ్ళ సిగరెట్టు మానారు. చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, ఒక కంటికి క్షణం చీకటి కమ్మినా వెంటనే 911కి ఫోన్ చెయ్యమని అక్కయ్యకు చెప్పి ఉంచాను.

ఏడాది తరువాతి పరీక్షకు నేనూ వెళ్ళాను. పూత పెరగలేదు, పిసరంత తగ్గింది. యంత్రంలోంచి ఆయన రక్తప్రవాహం ‘హుష్, హుష్’మంటూ వినిపించింది. బావగారు కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు.

“మామయ్యగారి మెడలోనిది విన్నవాళ్ళు లేకపోయారు కదూ!” అన్నారు.