సేంద్రియ ఆహారం: పళ్ళెంలో ఏముంది, పొలంలో ఎవరున్నారు?

నిరుడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వరంగల్‌లోని మా ఇంటికి వచ్చారు. ఏడాదిగా వారింట్లో అన్నీ సేంద్రియ సరుకులే. అయినా రక్తంలో చక్కెర పెరిగింది. ఏం తింటున్నారని అడిగాను. మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, రెండు పూటలా బెల్లం టీ, కూర మాత్రం నంజుకోవడానికే. తవుడు పోయిన బియ్యం ఏ పొలంలో పండినా మిగిలేది పిండిపదార్థమే. బెల్లం సేంద్రియమైనా ఒంట్లోకి చేరాక చక్కెరే.

"అయితే ఇంత ధర పెట్టి కొన్నదంతా వృథాయేనా?" అన్నారాయన. కాదన్నాను. ఎందుకు కాదో మీకూ చెప్పాలి.

నేను ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన రోజుల్లో, పత్తికి మందు కొట్టే కాలం వచ్చిందంటే మా వార్డు నిండేది. నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట, గుండుసూది మొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు. అవి ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావపు లక్షణాలు. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తగ్గేవరకు రాత్రంతా అట్రోపిన్ ఇచ్చేవాళ్ళం. అలా బతికిన ఒక రైతు, "పురుగు సావలే సారూ, నేనే సావబోయిన" అన్నాడు. 1997–98లో పత్తి పురుగుల పాలై, అప్పులు మీదపడి, ఈ జిల్లాలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది పొలానికి తెచ్చిన ఆ మందునే.

అదే ఉమ్మడి వరంగల్ జిల్లాలో, నేడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి మరో దారి చూపింది. ఆ చిన్న ఊరి రైతులు వేపగింజల కషాయం, పశువుల ఎరువు, ఎర పంటలతో సేద్యం సాగించి, 2006లో తమది రసాయనాలు లేని గ్రామమని ప్రకటించుకున్నారు. జన్యుమార్పిడి పంటలూ వద్దన్నారు. సేంద్రియ ఆహారం వల్ల మొదట బాగుపడేది తినే మనం కాదు, పిచికారీ డబ్బా భుజాన మోసే మనిషి. మన తిండిలో మందుల అవశేషాలు తగ్గడం రెండో లాభం.

జన్యుమార్పిడి గురించి కూడా భయం వేరు, వాస్తవం వేరు. మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా పండించడానికి అనుమతి ఉన్నది పత్తికే, అదీ 2002 నుంచి. బీటీ వంకాయను 2010లో కేంద్రం నిలిపివేసింది. కనుక టమాటాపై "జన్యుమార్పిడి చేయనిది" అని రాసి ఎక్కువ ధర అడిగితే ఇవ్వనక్కరలేదు. అమెరికా జాతీయ అకాడమీలు 2016లో చేసిన సమీక్షలో, అమ్మకంలో ఉన్న జన్యుమార్పిడి ఆహారం మామూలు ఆహారం కన్నా ఎక్కువ హానికరమనే ఆధారం కనిపించలేదు. నా చింత పొలం గురించి. గులాబీరంగు పురుగు బీటీకి అలవాటుపడింది, మందు డబ్బా మళ్ళీ రైతు భుజానికెక్కింది.

అందుచేత మీకు నా మనవి ఇది. ముందు పళ్ళెం సరిచేసుకోండి. సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పప్పు తప్పనిసరి. ఒక పూట అన్నానికి బదులు జొన్నరొట్టె తినండి. రోజుకు పండ్లు, కూరగాయలు కలిపి 400 గ్రాములకు తగ్గవద్దని, ఉప్పు 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ తర్వాతే సేంద్రియం. ప్యాకెట్టు కొంటే జైవిక్ భారత్ గుర్తు చూడండి. వీలైతే తెలిసిన రైతు దగ్గరే కొనండి. స్తోమత లేకపోతే మామూలు కూరలే ధారగా పారే నీటిలో బాగా కడిగి వండుకోండి. ధర చూసి భయపడి కూరలే మానుకోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

ఆ ఉపాధ్యాయుడు అన్నం తగ్గించారు, బెల్లం మానారు, కూర పెంచారు. మూడు నెలలకు చక్కెర దిగివచ్చింది. సేంద్రియ బియ్యం మాత్రం మానలేదు. "ఇది నా కోసం కాదు డాక్టరు గారూ, పండించేవాడి కోసం" అన్నారు.