మంచి ఆయిలే, కానీ నా బండికి కాదు



ఈ వారం నా మోటార్ సైకిల్ క్లచ్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఇది బండి సంగతే గానీ, ఇందులో నేను ఒక మనిషికి చేసిన అన్యాయం కూడా ఉంది. అది కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. నేనే చెప్పడం మంచిదని రాస్తున్నాను.

నా బండి మీకు తెలిసిందే. తొమ్మిదేళ్లుగా కూడికలకు, ఆసుపత్రులకు, పెళ్లిళ్లకు, భూస్థాపనలకు నన్ను మోసిన బండి. మే నెలలో దానికి క్లచ్ ప్లేట్లు అరిగిపోతే మన మండల కేంద్రంలో సంత దగ్గరున్న మెకానిక్ గారు కొత్తవి వేశారు. బాగానే నడిచింది. సెప్టెంబరులో ఆయిల్ మార్చాల్సి వచ్చింది. అప్పుడే మన సంఘంలోని ఒక తమ్ముడు, పట్నంలో కారు డ్రైవరుగా పనిచేస్తాడు, ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అయ్యగారూ, ఓనరు గారి కారుకు పొయ్యగా మిగిలిందండీ. ఫుల్ సింథటిక్. మామూలు బండి ఆయిల్ కంటే రెండింతల రేటు. మీరు ఎక్కువ తిరుగుతారు కదా అని తెచ్చాను" అన్నాడు. ప్రేమతో తెచ్చాడు. నేను సంతోషంగా తీసుకుని, ఇంటి ముందు నేనే పాత ఆయిల్ దింపేసి, ఆ కొత్తది పోశాను. డబ్బా మీద ఏముందో చదవలేదు. ఖరీదైనది అయితే మంచిదే అయి ఉంటుంది అనుకున్నాను.

మొదట ఇంజిన్ చప్పుడు తగ్గినట్టు కూడా అనిపించింది. మూడు నాలుగు వారాల తరువాత చోడవరం రోడ్డులో ఒక లారీని దాటబోతే, యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ ఇంజిన్ అరుస్తోంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. కేబుల్ సంగతేమో అనుకుని హ్యాండిల్ దగ్గర నాకు తోచినట్టు తిప్పి సరిచేశాను. రెండు రోజులు ఫరవాలేదనిపించింది.

తరువాత కొండమీద మన చిన్న కూడికలోని పెద్దాయన ప్రభువునందు నిద్రించారని కబురు వచ్చింది. మరునాడు ఉదయం 11 గంటలకు భూస్థాపన. తెల్లవారుజామునే బయలుదేరితే బాగుండేది. నేను ఎనిమిదికి బయలుదేరాను. మాడుగుల దాటి పాడేరు ఘాట్ మొదలయ్యేవరకు ఇబ్బంది లేదు. మలుపులు మొదలయ్యాక మూడో గేరులో జారింది. రెండో గేరుకు దించాను, కాసేపటికి అందులోనూ జారింది. ఇంజిన్ హోరు కొండంతా వినిపిస్తోంది, బండి మాత్రం మనిషి నడిచినట్టు నడుస్తోంది. కాలిన వాసన. ఆపాను. చల్లారాక మళ్లీ ఎక్కితే ఒక ఫర్లాంగు పోయి మళ్లీ అదే. చివరకు బండిని తోసుకుంటూ ఒక టీ బడ్డీ దాకా తెచ్చి, అక్కడ వదిలేసి, సర్వీసు జీపు కోసం నిలబడ్డాను. మొదటిది నిండుగా వచ్చి ఆగకుండా పోయింది. రెండోది దొరికేసరికి మధ్యాహ్నం అయిపోయింది. జీపు దిగాక ఊళ్లోకి మరో గంట నడక.

నేను చేరేసరికి నాలుగు గంటలు. పొద్దున్నే తవ్విన గొయ్యి అలాగే ఉంది. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎండలో కూర్చుని ఉన్నారు. పిల్లలు తప్ప ఎవరూ అన్నం తినలేదు. ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పెద్దాయన భార్య, ఆ మామ్మ గారే, లేచి నాకు మంచినీళ్లు ఇచ్చారు. ఆ నీళ్లు తాగుతున్నప్పుడు నాకు ఎంత సిగ్గేసిందంటే, ఆ సిగ్గు భరించలేక, అడగకుండానే అందరి ముందూ ఒక మాట అన్నాను. "సంత దగ్గర మెకానిక్ డూప్లికేట్ ప్లేట్లు వేసి నన్ను మోసం చేశాడు. లేకపోతే పది గంటలకే ఇక్కడ ఉండేవాణ్ణి" అన్నాను. తరువాత ప్రార్థన చేసి, ఆయన్ని మట్టికి అప్పగించాం.

రెండు రోజులకు బండిని చిన్న ట్రాలీలో ఎక్కించి కిందికి తెచ్చి, నేరుగా ఆ మెకానిక్ గారి షాపు ముందే దింపించాను. కోపంగానే మాట్లాడాను. ఆయన వాదించలేదు. ముందు క్లచ్ లివరు పట్టుకుని చూశారు. లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు వదులుగా ఆడాలట. అది కేబుల్ మరీ బిగిసి ఉంటే కూడా క్లచ్ పూర్తిగా పట్టుకోదట. నేను తిప్పిన తిప్పుడుకు అది బిగిసే ఉంది గానీ, ఆయన సరిచేశాక కూడా జారింది. అప్పుడు అడిగారు, "అయ్యగారూ, ఆయిల్ ఏం పోశారండీ?"

నేను కాస్త గర్వంగానే చెప్పాను, కారుకు పోసే ఫుల్ సింథటిక్ అని. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తరువాత ఆయిల్ దింపి, పక్క కవరు విప్పి, ప్లేట్లు ఒక్కొక్కటీ తీసి కాగితం మీద పరిచారు. ఉక్కు ప్లేట్లు వేడికి నీలంగా మారాయి. వాటి మధ్య ఉండే పట్టు ప్లేట్లు అద్దంలా నునుపు తేలి కాలిన వాసన కొడుతున్నాయి. సొరుగులోంచి మే నెల బిల్లు, ప్లేట్లు వచ్చిన అట్టపెట్టె తీసి నా ముందు పెట్టారు. కంపెనీవే. డూప్లికేట్ కాదు.

సెమినరీలో డిప్లొమా చదివాను గానీ, రోజూ ఎడమ చేత్తో నొక్కే క్లచ్ లోపల ఏముందో ఆ రోజే తెలుసుకున్నాను. మీలో బండి ఉన్నవాళ్లందరికీ పనికొస్తుంది, ఆయన చెప్పినట్టే చెబుతాను.

మన గేర్ల బండ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందుకే దాన్ని తడి క్లచ్ అంటారు. ఒక పట్టు ప్లేటు, ఒక ఉక్కు ప్లేటు, మళ్లీ పట్టు ప్లేటు, ఇలా వరుసగా ఉంటాయి. స్ప్రింగులు వాటన్నిటినీ కలిపి గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. ఒకదాన్నొకటి జారకుండా పట్టుకుంటేనే ఇంజిన్ బలం గేర్లకు, గేర్ల నుంచి చక్రానికి చేరుతుంది. మనం లివరు నొక్కితే ఆ పట్టు వదులుతుంది. కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్‌కే. సాధారణంగా గేర్‌బాక్సు ఆయిల్ వేరు. మామూలు గేర్ల కారులో క్లచ్ పొడిగా బయట ఉంటుంది. మన బండిలో మాత్రం ఆ లీటరు ఆయిలే ఇంజిన్‌కు, గేర్లకు, క్లచ్‌కు మూడింటికీ. మా నాన్నగారి కాలంలో టూ-స్ట్రోక్ బండ్లకు పెట్రోలులో కలిపేది వేరు, గేర్‌బాక్సులో పోసేది వేరు. అందుకని పాతవాళ్లకు ఈ తేడా పట్టించుకునే అవసరం అంతగా రాలేదు.

కారు ఆయిల్ చెడ్డదేమీ కాదు. పెట్రోలు ఆదా కావాలని, లోపలి భాగాలు ఇంకా తేలిగ్గా జారాలని, చాలా కారు ఆయిళ్లలో రాపిడిని తగ్గించే మందులు కలుపుతారు. ముఖ్యంగా పల్చటి రకాల్లో. కారుకు అది మేలు. తడి క్లచ్‌కు అదే కీడు. "బావి తాడుకు నూనె రాసి నీళ్లు తోడమంటే ఎలాగండీ?" అన్నారాయన. చేతిలో బలం ఉంది, తాడు గట్టిదే, అయినా బిందె పైకి రాదు.

చదును రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే క్లచ్ మీద భారం తక్కువ, అందుకని జబ్బు కనబడదు. పై గేరులో ఒక్కసారి లాగించినప్పుడు, ఇద్దరు ఎక్కినప్పుడు, ఘాట్ ఎక్కినప్పుడు బయటపడుతుంది. ఒకసారి జారడం మొదలైతే వేడి పుడుతుంది. వేడికి ప్లేట్లు నునుపు తేలతాయి, నునుపు తేలితే ఇంకా జారతాయి. అరిగిన పొడి అదే ఆయిల్‌లో కలిసి ఇంజిన్‌లోనూ తిరుగుతుంది. మొదట్లోనే గమనించి ఆ ఆయిల్ దింపేసి సరైనది పోస్తే కొన్నిసార్లు ప్లేట్లు దక్కుతాయి. నేను ఘాట్ దాకా తెచ్చాను గనుక దక్కలేదు.

మరి ఎలా గుర్తుపట్టాలి? డబ్బా వెనుక చూడండి. జాసో అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉండాలి. జాసో అంటే జపాన్ వాహనాల ప్రమాణాల సంస్థ. ఈ చిక్కు కోసమే వాళ్లు 1998లో బైకు ఆయిళ్లకు వేరే ప్రమాణం పెట్టారు. 2006లో ఎంఏను ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు. ఎంఏ2 అంటే పట్టు ఎక్కువ. ఎంబీ అని ఉంటే అది ఎక్కువ జారే రకం. గేర్లు లేని స్కూటర్లలో బెల్టు ఉంటుంది, క్లచ్ ఆయిల్‌లో మునగదు గనుక వాటికి ఎంబీ పోస్తారు. చెల్లెలి స్కూటర్ ఆయిల్ మిగిలిందని అన్న బండిలో పొయ్యకండి. గుండ్రటి ముద్ర కింది భాగంలో ఎనర్జీ కన్సర్వింగ్, రిసోర్స్ కన్సర్వింగ్ అని ఉన్నవీ తడి క్లచ్‌కు వద్దు. 10డబ్ల్యూ30, 20డబ్ల్యూ40 అనే అంకెలు చిక్కదనాన్ని చెబుతాయి గానీ క్లచ్ పట్టు సంగతి చెప్పవు. ఆ అంకె మీ బండి పుస్తకంలో ఏది ఉంటే అదే. రిసార్టుల్లో తిప్పే నాలుగు చక్రాల ఏటీవీ బండ్లలోనూ చాలావాటికి ఈ తడి క్లచ్చే. ఆయిల్ బ్రేకులున్న ట్రాక్టరు ఉన్న అన్నలు కూడా కంపెనీ చెప్పిన రకమే పొయ్యాలి. అక్కడా ఆయిల్‌లో మునిగిన ప్లేట్లే పట్టుకోవాలి మరి.

కొత్త ప్లేట్లు, ఆయిల్, కూలి అన్నీ కలిపి 1,650 రూపాయలు అయ్యాయి. ఆయన కూలి తగ్గించలేదు, నేను అడగలేదు. కోపంగా మాట్లాడినందుకు క్షమించమన్నాను. కానీ కొండమీద నేనన్న మాట మాత్రం ఆయనకు చెప్పలేదు. ఆయన వినలేదు కదా, ఇక్కడితో అయిపోయిందిలే అనుకున్నాను.

అయిపోలేదు. మూడు వారాల తరువాత సంత రోజున ఆ కొండ ఊరి తమ్ముడొకడు వేరే షాపు ముందు బండి విప్పించుకుంటూ కనిపించాడు. "ఎప్పుడూ అక్కడే చేయిస్తావు కదా, ఇక్కడేంటి?" అన్నాను. "మీరే చెప్పారు కదా అయ్యగారూ, ఆయన డూప్లికేట్ వేస్తాడని. మా ఊళ్లో ఎవరం వెళ్లడం లేదండి" అన్నాడు. ఎంతో గౌరవంగా చెప్పాడు. నా కాళ్లలో బలం పోయింది. ప్లేట్లు 1,650 రూపాయలకు మార్చుకున్నాను. ఈ మాటను ఏ షాపులో మార్చుకోను? వేరేవాళ్లు అంటే నలుగురూ సందేహించేవారేమో. పాస్టరు గారు, అదీ గొయ్యి ముందు నిలబడి అన్నారు గనుక నమ్మేశారు.

అదే రోజు మెకానిక్ గారి దగ్గరకు వెళ్లి జరిగింది మొత్తం చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నారు. "అదా సంగతి, ఆ ఊరోళ్లు రావడం లేదేంటా అనుకున్నాను" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

తరువాతి ఆదివారం సాయంత్రం ఆ పెద్దాయన ఇంట్లో ఆదరణ కూడిక. ప్రసంగానికి ముందే లేచి, ఆ రోజు నేనన్నది అబద్ధమని, ఆయిల్ పోసింది నేనేనని, ప్లేట్లు అసలైనవేనని చెప్పాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మామ్మ గారు మాత్రం, "మంచి పని చేశారు బాబూ. మా ఆయన బండి కూడా ఆయనే చూసేవాడు" అన్నారు. ఆ డబ్బా ఇచ్చిన తమ్ముడితో కూడా పక్కకు పిలిచి నెమ్మదిగా మాట్లాడాను. అతని ప్రేమలో తప్పు లేదు. చదవకుండా పోసినది నేను.

నూనె అనగానే ప్రసంగం కట్టడం మా పాస్టర్లకు అలవాటు. ఈసారి కట్టను. చెడినప్పుడు చివరగా ఎవరి చేయి పడిందో ముందు చూడమని మెకానిక్ గారు తన కుర్రాళ్లకు నేర్పుతారట. నా బండి మీద చివరగా పడింది నా చేయే. నేను చూడనిది అదొక్కటే.

కొండ ఊరి నుంచి ఇప్పటికి ఇద్దరు మళ్లీ ఆయన షాపుకు వస్తున్నారట. మిగతావాళ్ల కోసం కూడా ఈ ఉత్తరం. మీలో ఎవరైనా ఆ మాట నా నోటి నుంచి గానీ, నా పేరు మీద గానీ విని ఉంటే, దయచేసి విన్న చోటే ఇది కూడా చెప్పండి.

మీ ప్రార్థనలో నన్ను జ్ఞాపకం చేసుకోండి. రేపు ఉదయం ఘాట్ ఎక్కాలి.

మీ పాస్టరు